తుపాను మర్నాడు తలుపు తీయాలి: నా టెర్మినల్ థీసిస్ డైరీ

మార్చి 3

ఆర్కిటెక్చర్ థీసిస్ టాపిక్ ఓకే అయింది. ఉత్తరాంధ్ర తీరంలో, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల లోపల ఒక చిన్న విమానాశ్రయం టెర్మినల్. భోగాపురం తీసుకోమని అందరూ అన్నారు కానీ అక్కడ నిజం విమానాశ్రయమే వస్తోంది, దాని డ్రాయింగులు మనకెవరిస్తారు? ఊహించుకున్న స్థలమే నయం. ఒక పక్క గెడ్డ (వాగు), ఒక పక్క జీడితోట, మధ్యలో ఇసుక నేల.

మొదటి షీటు మీద "గ్రీన్ ఎయిర్‌పోర్ట్" అని పెద్దక్షరాల్లో రాసి తీసుకెళ్లాను. సోలార్ పలకలు, వాన నీటి నిల్వ, గోడల నిండా తీగలు. గైడ్ మేడమ్ చూసి ఒక్క ప్రశ్న వేశారు: "కొచ్చి సంగతి తెలుసా?"

తెలుసు, అందుకే కదా సోలార్ పెట్టాను అన్నాను. 2015 ఆగస్టు 18న 12 మెగావాట్ల సోలార్ ప్లాంటు మొదలుపెట్టి, మొత్తం సౌర విద్యుత్తుతో నడిచే మొదటి విమానాశ్రయంగా ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది కొచ్చి. పలకల మధ్య కూరగాయలు కూడా పండిస్తారు. "మరి సరిగ్గా మూడేళ్లకి?" అన్నారు మేడమ్. 2018 ఆగస్టు వరదల్లో పెరియార్ నది నీళ్లు రన్‌వే మీదికి వచ్చి అదే విమానాశ్రయం రెండు వారాలు మూతపడింది. కొన్ని విమానాలు కొచ్చిలోని నేవీ స్థావరం ఐఎన్‌ఎస్ గరుడ నుంచి నడిచాయి. సహాయానికి విమానాలు అక్కరపడిన రోజుల్లోనే అది పనిచేయలేదు.

షీటు చుట్టి ఇంటికొచ్చాను. "గ్రీన్" కొట్టేసి "మర్నాడు" అని రాశాను. తుపాను వెళ్లిన మర్నాడు ఈ బిల్డింగు తలుపు తీయగలగాలి. థీసిస్ అంతా ఇక దీని మీదే.

మార్చి 9

హుద్‌హుద్ అప్పుడు నేను ఏడో తరగతి. 2014 అక్టోబరు 12, ఆదివారం. గాజువాకలో మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి గది మధ్యలో వాన పడింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్ల కోసం క్యూలు. ఎయిర్‌పోర్టు టెర్మినల్ పైకప్పు, అద్దాలు దెబ్బతిని విమానాలు కొన్ని రోజులు ఆగిపోయాయన్న సంగతి నాకు పెద్దయ్యాకే తెలిసింది. మా నాన్నకి అప్పుడే తెలుసట, ఢిల్లీ నుంచి పెదనాన్న రావడానికి లేకపోయింది కాబట్టి.

ఇవాళ చేసింది: గాలి లెక్క. బిల్డింగుల మీద గాలి బరువుకి మన దేశపు కోడ్, ఐఎస్ 875 మూడో భాగం, 2015 ప్రతి. విశాఖకి బేసిక్ విండ్ స్పీడ్, అంటే లెక్కకి మూలంగా తీసుకునే గాలి వేగం, సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపలుంటే కే4 అనే ఇంకో గుణకం కలుస్తుంది. మామూలు బిల్డింగుకి 1, ఫ్యాక్టరీ లాంటివాటికి 1.15, తుపాను తర్వాత అవసరమయ్యే వాటికి 1.3. ఈ చివరి వరసకి కోడ్ ఇచ్చిన ఉదాహరణలు షెల్టర్లు, ఆసుపత్రులు, స్కూళ్లు, కమ్యూనికేషన్ టవర్లు, "మొదలైనవి".

టెర్మినల్ ఆ "మొదలైనవి"లోకి వస్తుందా? నా థీసిస్‌లో వస్తుంది. మందులు, జనరేటర్లు, కరెంటు సిబ్బంది, అన్నీ దిగేది అక్కడే కదా.

1.3 చూడ్డానికి చిన్నగా ఉంటుంది. కానీ పీడనం వేగం వర్గంతో పెరుగుతుంది. మిగతా గుణకాలన్నీ 1 అనుకుని, కోడ్ ఇచ్చిన 0.6 × వేగం × వేగం సూత్రంలో వేస్తే (50కి 1.3 రెట్లు 65):

0.6 × 50 × 50 = చదరపు మీటరుకి 1500 న్యూటన్లు
0.6 × 65 × 65 = 2535 న్యూటన్లు

అంటే 153 కిలోల బదులు 258 కిలోలు. దాదాపు 70 శాతం ఎక్కువ. అంచుల దగ్గర, మూలల దగ్గర దీన్ని మళ్లీ పెద్ద గుణకాలతో హెచ్చించాలి. ఈ లెక్క మేడమ్‌కి చూపించేముందు మూడుసార్లు వేసుకున్నాను.

మార్చి 16

మోడల్ నంబర్ వన్. థర్మాకోల్ గోడలు, అట్ట కప్పు, 1:200. గాలికి మా హాల్లోని పెడస్టల్ ఫ్యాన్. ఫ్యాన్ గాలి మెలితిరుగుతూ వస్తుంది కాబట్టి ముందు కూల్‌డ్రింక్ స్ట్రాలు రెండొందలు కట్టగట్టి జల్లెడలా పెట్టాం. స్ట్రాలు అంటించిన ఘనత మా తమ్ముడిది. పొగకి అగరబత్తి. ఇది విండ్ టన్నెల్ కాదని నాకూ తెలుసు, అంకెలు దీంట్లోంచి తీయను. గాలి ఎటు పోతోందో కంటికి కనపడితే చాలు.

కనపడింది. నేను ఎంతో ముచ్చటపడి గీసిన పొడుగాటి చూరు, కార్లు ఆగే చోట తొమ్మిది మీటర్లు ముందుకి వచ్చేది, దాని కింద పొగ చిక్కుకుని సుడి తిరిగి కప్పుని కిందనుంచి పైకి తోస్తోంది. పైనేమో పొగ అంచు దాటగానే కప్పుని వదిలేసి ఎగిరిపోతోంది, అంటే అక్కడ పీల్చుడు. కింద తోపు, పైన పీల్చుడు. ఫ్యాన్ మూడో నంబర్‌కి తిప్పగానే కప్పు లేచి టీవీ వెనక పడింది.

తమ్ముడికి మహా సరదాగా ఉంది. "ఇంకోసారి అక్కా!"

మార్చి 17

ఇంకోసారి. ఈసారి చూరు కోసేసి చూశాను. కప్పు నిలిచింది. ఇప్పుడు గాలికి ఎదురుగా ఉన్న గోడలో, గ్లాసు ముఖద్వారం ఉండేచోట, బ్లేడుతో చిన్న కిటికీ అంత ముక్క కోశాను. ఫ్యాన్ అదే నంబర్. కప్పు ఒక్క క్షణం ఆగి, బుగ్గ ఊదినట్టు ఉబ్బి, మళ్లీ టీవీ వెనకే.

హుద్‌హుద్ రోజు మా ఇంట్లో జరిగిందీ ఇదే. అద్దం పగలగానే లోపలి గది తలుపు దడేల్మని తెరుచుకుని, సీలింగు పలకలు ఊడాయి. కోడ్‌లో దీనికీ అంకె ఉంది: గోడలో ఖాళీలు 5 శాతం లోపలైతే లోపలి పీడనం గుణకం 0.2, 20 శాతం దాటితే 0.7. తేడా 0.5ని మార్చి 9 నాటి 2535తో హెచ్చిస్తే, పగిలిన అద్దం వల్ల కప్పు మీద అదనంగా పడే తోపు చదరపు మీటరుకి 1270 న్యూటన్ల దాకా. సుమారు 130 కిలోలు. అద్దం గోడలు అందంగా ఉంటాయి, నిజమే.

నిర్ణయాలు:
కారు పోర్టికో కప్పు వేరు, టెర్మినల్ కప్పు వేరు. మధ్యలో మీటరు సందు. పోర్టికో పోతే పోనీ, పెద్ద కప్పుని లాక్కుపోకూడదు.
సముద్రం వైపు అద్దానికి ఇనప రోలింగ్ షట్టర్లు.
కప్పు నాలుగు వైపులా వాలు.

నాలుగు వైపులా వాలు అనగానే అమ్మమ్మ గుర్తొచ్చింది. శ్రీకాకుళం వైపు వాళ్ల పాత ఇల్లు చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు, చూరు నడుం ఎత్తుకి దిగి ఉంటుంది. వంగితే తప్ప లోపలికి వెళ్లలేం. "గాలి ఏ వేపు నుంచొచ్చినా పట్టు దొరకదే" అనేది. ఆ మాటని జ్యూరీ ముందు చెప్పాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. చుట్టిల్లు చూపించి "ట్రెడిషనల్ విజ్డమ్" అని స్లైడు పెట్టేవాళ్లు మా క్లాసులో ఇప్పటికే నలుగురున్నారు. పైగా అక్కడ వంగి వెళ్లొచ్చు, ఇక్కడ ట్రాలీతో వెళ్లాలి.

మార్చి 25

రివ్యూ వన్ అయింది. ఫర్వాలేదు.

ఏప్రిల్ 2

రన్‌వే నా పని కాదు, కానీ స్థలం ఎంత కావాలో చెప్పాలి కదా. సముద్ర మట్టం దగ్గర ప్రామాణిక ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. దానికంటే ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ రన్‌వే పొడవు 1 శాతం పెంచాలని ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) చెప్పే లెక్క. వేడి గాలి పలచన, రెక్కకి పట్టు తక్కువ, ఇంజను తోపూ తక్కువ, పరుగు ఎక్కువ.

ఇక్కడో చిక్కు. మా లైబ్రరీలోని పాత పుస్తకంలో వేసవి నెల సగటుకి, గరిష్ఠాల సగటుకి మధ్య తేడాలో మూడో వంతు మాత్రం కలపమని ఉంది. ఐకావో అనుబంధం 14లో అయితే అత్యంత వేడి నెలలో రోజువారీ గరిష్ఠాల సగటే తీసుకోమని ఉంది. లెక్క కోసం సగటు 31, గరిష్ఠాల సగటు 35 అనుకున్నాను. 2000 మీటర్ల మూల పొడవుకి పాత పద్ధతిలో 2347 మీటర్లు, ఐకావో పద్ధతిలో 2400. పుస్తకం మారితే 53 మీటర్ల రన్‌వే మారిపోయింది! ఇంకో రెండు డిగ్రీలు పెరిగితే మరో 40. ఇప్పుడే కట్టక్కర్లేదు, ఆ చివర జీడితోట ముక్క ఖాళీగా వదిలితే చాలు. దాని మీద కార్గో షెడ్డు గీశాను మొన్న. చెరిపేశాను.

ఎండ వల్ల విమానాలు ఆగడం కల్పన కాదు. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో 40కి పైగా విమానాలు రద్దయ్యాయి. అక్కడి చిన్న జెట్లకి తయారీదారు ఇచ్చిన పరిమితి 118 ఫారన్‌హీట్, అంటే 47.8 సెల్సియస్. ఆ రోజు ఎండ దాన్ని దాటింది.

ఏప్రిల్ 20

కప్పు రేకుల పరీక్ష. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తా.

పాత ఇనప సామాను షాపులో రెండడుగుల జీఐ (జింకు పూత వేసిన ఇనుము) రేకు ముక్కలు మూడు కొన్నాను. ఒకటి అలాగే వదిలేసి, ఒకటి తెల్ల కూల్‌రూఫ్ పెయింటు, ఒకటి ఇటుక రంగు. డాబా మీద థర్మాకోల్ మీద పరిచి, మధ్యాహ్నం ఒంటిగంటకి తాకకుండానే వేడి కొలిచే ఐఆర్ థర్మామీటర్ గన్‌తో కొట్టాను. ఇటుక రంగు 63. తెల్లది 45. పెయింటు లేని మెరిసే రేకు 38!

అంటే అన్నిటికంటే చల్లనిది ఉత్త రేకే. పెయింటు ఖర్చు కూడా అక్కర్లేదు. మహా కనుక్కున్నాననుకుని ఫోటోలు తీసి గ్రూపులో పెట్టేశాను. తర్వాత రేకు జరుపుదామని చెయ్యి వేశాను. చూపుడు వేలు, బొటనవేలు చుర్రుమన్నాయి. 38 డిగ్రీల వస్తువు వేలు కాలుస్తుందా?

కాల్చదు. గన్ కొలిచేది వస్తువు వెదజల్లే వేడి కిరణాల్ని. మెరిసే లోహం వాటిని చాలా తక్కువగా వదులుతుంది, పైగా అద్దంలా పైనున్న ఆకాశాన్ని చూపిస్తుంది. గన్ నా రేకుని కాక ఆకాశాన్ని చదివింది. మెరిసే రేకు ఎండని కొంత తిప్పికొట్టినా, పట్టుకున్న వేడిని వదలదు, అదే దాని తంటా. తెల్ల పెయింటు తిప్పికొడుతుంది, పట్టుకున్నదాన్నీ వదిలేస్తుంది.

ఏప్రిల్ 21

మూడు రేకుల మీదా నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క ఒక్కోటి అంటించి, పావుగంట ఆగి, టేపు మీద కొట్టాను. చిన్న ముక్క కాబట్టి కింది రేకు వేడే దానికీ వస్తుంది. ఉత్త రేకు 59, ఇటుక రంగు 63, తెల్లది 46. ఇప్పుడు వేలు, గన్ ఒకే మాట చెబుతున్నాయి.

గ్రూపులో పాత ఫోటోలు డిలీట్ చేశాను. అప్పటికే ముగ్గురు థంబ్సప్ పెట్టారు.

తెల్ల పెయింటు ఖాయం, మ్యాట్ రకం. పైలట్ల కళ్లలోకి మెరవకూడదు. సోలార్ పలకలు కప్పు మీద వద్దనుకున్నాను. కింద నేలమీద ఫ్రేములు. కప్పుకి ఎన్ని రంధ్రాలు తక్కువైతే అంత మంచిది, ఈ గాలికి.

మే 4

నీళ్ల ట్రే మొదలు. నాలుగడుగులు బై మూడడుగుల ప్లైవుడ్, అంచులకి బద్దెలు, పీఓపీతో నేల వాలు, గెడ్డ, ఏప్రాన్ (విమానాలు ఆగే కాంక్రీటు నేల), టెర్మినల్ దిమ్మ. ఫ్రేమ్ వెల్డింగ్ చేసిపెట్టిన బాబాయ్ షాపు మా వీధి చివరే. "ఏటమ్మా, పీటకి ఇన్ని కాళ్లేటి?" అన్నాడు. వాలు మార్చడానికి బోల్టు కాళ్లు కావాలి బాబాయ్ అని చెప్పి ఒప్పించాను.

లెక్క: 100 హెక్టార్లు, అందులో 30 కాంక్రీటు, 70 గడ్డి. కాంక్రీటు మీద పడ్డదాంట్లో 90 శాతం, గడ్డి మీద 30 శాతం పారుతుందనుకుంటే మొత్తానికి 0.48. గంటకి 100 మిల్లీమీటర్ల వానకి 0.48 × 100 × 100 ÷ 360 = సెకనుకి 13.3 ఘనపు మీటర్లు. అదే జోరు గంటసేపు ఉంటే 4.8 కోట్ల లీటర్లు. మా కాలనీకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు 9,600. అంకె ఇలా అనుకున్నాకే నాకు భయం వేసింది.

మే 7

మొక్కలకి నీళ్లు పోసే క్యాన్‌తో వాన. నీళ్లు ముత్యాల్లా పీఓపీ మీద నిలబడిపోయాయి, పారలేదు. ట్రేలో ఇంత పలచటి నీటికి తలతన్యతే పెద్ద బలం, అసలు స్థలంలో అది లెక్కలోకే రాదు. నీళ్లలో రెండు చుక్కలు అంట్ల లిక్విడ్ కలిపాను. పారింది. వేగం, సమయం ఈ సైజులో నమ్మలేను. ఎక్కడ నిలుస్తోందో మాత్రం నమ్ముతాను. ఏప్రాన్ ఉత్తరపు మూలలో నిలుస్తోంది, డ్రాయింగులో అక్కడ వాలు ఉన్నట్టే కనిపిస్తుంది.

తర్వాత అసలు పరీక్ష. గెడ్డ బయటికి వెళ్లే పైపు చివర బకెట్ పెట్టి, బకెట్ ఎత్తాను. ఉప్పెన. నీళ్లు పైపులోంచి వెనక్కి వచ్చి నింపాదిగా ఏప్రాన్ ఎక్కాయి. వాన చుక్క లేదు, నేనింకా క్యాన్ ముట్టుకోలేదు.

పాత సైకిలు ట్యూబు రబ్బరుని అర్ధచంద్రాకారంగా కోసి పైపు మూతికి ఒక్క అంచున అంటించాను. లోపలి నీళ్లు తోస్తే తెరుచుకుంటుంది, బయటి నీళ్లు తోస్తే మూసుకుంటుంది. ఫ్లాప్ గేటు. పనిచేసింది! పనిచేశాక కొత్త సమస్య: బయటిది రాదు సరే, లోపల పడిన వాన ఎటు పోతుంది? మూసుకున్న పెట్టెలో వాన.

అందుకని నిల్వ గుంట కావాలి, పంపులు కావాలి. టెర్మినల్ ముందు తామరల చెరువు గీశాను. చాలా అందంగా వచ్చింది.

మే 9

చెరువు పోయింది. మేడమ్ పెన్సిల్‌తో ఒక కొంగని గీసి, పక్కన విమానం గీసి, మధ్యలో బాణం పెట్టారు. మాట్లాడలేదు కూడా.

నీళ్లు నిలిస్తే చేపలు, చేపలకి కొంగలు, తర్వాత గద్దలు. అమెరికా ఎఫ్‌ఏఏ (విమానయాన నియంత్రణ సంస్థ) మార్గదర్శకాల్లో వాన నీటి గుంటలు వాన తర్వాత 48 గంటల్లో ఖాళీ అవ్వాలని ఉంది. కాబట్టి మామూలు రోజుల్లో ఎండిన గడ్డిపల్లం, వాన రోజున గుంట. 48,000 ఘనపు మీటర్లు, మీటరున్నర లోతైతే మూడున్నర హెక్టార్ల లోపు. 48 గంటల్లో తోడాలంటే గంటకి వెయ్యి ఘనపు మీటర్ల పంపు. ఇంత గుండ్రంగా లెక్క కుదరడం ఈ థీసిస్‌లో ఇదొక్కసారే.

మే 13

పంపులకి కరెంటు. కరెంటు పోతే జనరేటర్. జనరేటర్ ఎక్కడ? బేస్‌మెంట్‌లో గీసి ఉంది, ఎందుకంటే అందరూ అక్కడే గీస్తారు.

2018 సెప్టెంబరు 4న జెబి తుపానుకి జపాన్ కన్సాయ్ విమానాశ్రయంలో ఇదే జరిగింది. ఒసాకా అఖాతంలో కృత్రిమ ద్వీపం మీద 1994లో తెరిచింది అది. ఉప్పెన నీళ్లు రన్‌వే మీదికీ, టెర్మినల్ బేస్‌మెంట్‌లోని విద్యుత్ పరికరాల మీదికీ వచ్చాయి. పైగా కొట్టుకొచ్చిన ట్యాంకర్ నౌక వంతెనకి గుద్దుకుంది. వేలమంది రాత్రంతా లోపలే. సింగపూర్ చాంగి ఐదో టెర్మినల్‌ని సగటు సముద్ర మట్టానికి 5.5 మీటర్ల ఎత్తులో కడుతున్నది ఇలాంటి భయాలతోనే. నేను మొత్తం స్థలం ఎత్తు పెంచలేను, అంత మట్టి ఎక్కడిది? ముఖ్యమైన గదులు మాత్రం పెంచగలను. ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, పంపు ప్యానెళ్లు, కమ్యూనికేషన్ గది, అన్నీ నేల నుంచి రెండున్నర మీటర్ల అరుగు మీదికి ఎక్కించాను.

మే 22

ట్రే లీకవుతోంది. ఎం-సీల్.

మే 28

ప్రీ-ఫైనల్. గాలి మోడల్, రేకులు, ట్రే అన్నీ ఆటోలో తీసుకెళ్లాం. ఉప్పెన బకెట్ ఎత్తినప్పుడు జ్యూరీలో ఒకాయన కుర్చీలోంచి లేచి వచ్చి చూశారు. పోర్టికో విడిగా పెట్టడం నచ్చింది. వాన రోజు ఆ మీటరు సందులో జనం తడవరా అని అడిగారు. తడుస్తారు సార్, అన్నాను. ఒక మడత గుడ్డ పందిరి వేస్తే గాలికి అది ముందు పోతుంది, పోయినా నష్టం లేదు. చుట్టిల్లు సంగతి చెప్పలేదు.

మే 29

ట్రే ఫ్రేమ్ కాలు ఒకటి ఆటోలో వంగింది. వెల్డర్ బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్లాను. కాలు సరిచేస్తూ అరుగు మీదున్న చిన్న డబ్బాని చూపించి ఏటిది అన్నాడు. జనరేటర్ గది బాబాయ్, నీళ్లొచ్చినా తడవకుండా పైన పెట్టా అన్నాను.

"బాగుంది. మరి డీజిలెవులు మోస్తారమ్మా పైకి?"

హుద్‌హుద్ తర్వాత వారం రోజులు ఆయన షాపు జనరేటర్ మీదే నడిచిందట. ఒక్కో డబ్బా భుజాన మోశాడు. నా డ్రాయింగులో ఆ గదికి చేరే దారి ఒకటే, మూడడుగుల వెడల్పు మెట్లు. కింద నడుంలోతు నీళ్లున్నప్పుడు 200 లీటర్ల డ్రమ్ము ఎలా ఎక్కుతుంది?

ర్యాంపు వేసి చూశాను. రెండున్నర మీటర్ల ఎత్తుకి 1:12 వాలు అంటే 30 మీటర్లు. షీటులో పట్టడం లేదు, పైగా దాని సగం నీళ్లలోనే ఉంటుంది. బాబాయ్ సుద్దముక్కతో షాపు గచ్చు మీద గీశాడు: అరుగు ఇసుక దిబ్బ వైపు అంచున చేతిపంపు, దిబ్బ మీద ఎత్తైన రోడ్డున ట్యాంకర్ ఆగే చోటు, మధ్యలో రెండంగుళాల పైపు. డ్రమ్ము ఎక్కక్కర్లేదు. లోపల ట్యాంకు మూడు రోజులకి సరిపడా.

గచ్చు మీద గీతని ఫోటో తీసుకున్నాను. కాలికి యాభై రూపాయలు తీసుకున్నాడు, గీతకి తీసుకోలేదు. రాత్రికి సెక్షన్ మళ్లీ గీయాలి, దిబ్బ మీది రోడ్డు మట్టం ఇంకా తేలలేదు.